గెలాక్సీ తిరుగుడు: ఇరుగుపొరుగు ప్రభావం ఎంత, వయసు ప్రభావం ఎంత?

విర్గో గెలాక్సీల గుంపు మనకు దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని నడిమధ్యలో ఉన్న ఎం87 పేరు చాలామంది వినే ఉంటారు. 2019లో ప్రపంచమంతా చూసిన మొట్టమొదటి కృష్ణబిలం ఫొటో ఆ గెలాక్సీ గర్భంలో ఉన్న కృష్ణబిలానిదే. అంత పెద్ద గెలాక్సీ మొత్తంగా చూస్తే దాదాపు తిరగదనే చెప్పాలి. అందులో నక్షత్రాలు ఆగిపోయి ఉన్నాయని కాదు. కేంద్రం దగ్గర అవి సెకనుకు 300 కిలోమీటర్ల స్థాయి వేగాలతో పరుగెడుతున్నాయి. కాకపోతే ఒక్కోటి ఒక్కో దిక్కుకు పరుగెడుతుంది. ఇటు పోయేవీ అటు పోయేవీ చెల్లుకు చెల్లు అయిపోగా, చివరికి మిగిలే నికర భ్రమణం సెకనుకు కొన్ని కిలోమీటర్లు, మహా అయితే పాతిక.

మన పాలపుంతలో పరిస్థితి వేరు. సూర్యుడు, చుట్టుపక్కల నక్షత్రాలూ అన్నీ ఒకే దిక్కున, సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయి. ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 22, 23 కోట్ల సంవత్సరాలు పడుతుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే జనానికీ, జాతరలో తిరిగే జనానికీ ఉన్న తేడా లాంటిది ఇది. రెండుచోట్లా అందరూ నడుస్తూనే ఉంటారు. మొదటిచోట అందరి దిక్కూ ఒకటే, రెండోచోట ఎవరి దారి వారిది.

కొన్ని గెలాక్సీలు ఎందుకు ఒక పద్ధతిగా తిరుగుతాయి, కొన్ని ఎందుకు తిరగవు? ఈ ప్రశ్నకు చాలాకాలం రెండు జవాబులే పోటీ పడ్డాయి. గెలాక్సీ ద్రవ్యరాశే కారణమని ఒక వాదన, అది ఎంత ఇరుకైన గుంపులో ఉందన్నదే కారణమని మరో వాదన. గత కొన్నేళ్లుగా బలపడుతున్న మూడో జవాబు ఈ రెండింటినీ పక్కకు జరుపుతోంది. అది వయసు. ఇరుగుపొరుగు ప్రభావం లేదని కాదు గానీ, అది నేరుగా నక్షత్రాల కక్ష్యల మీద కాకుండా, గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టడాన్ని ఆపేయడం ద్వారా పనిచేస్తోందని ఇప్పుడున్న కొలతలు గట్టిగా సూచిస్తున్నాయి. ఈ మాట ఎలా తేలిందో, ఎక్కడ సరిపోదో వివరంగా చూడాల్సిందే.

తిరుగుడును కొలిచేదెలా

కోట్ల సంవత్సరాలు పట్టే భ్రమణాన్ని కళ్లారా చూసే వీలు లేదు. కాంతి మీదే ఆధారపడాలి. నక్షత్రాల పైపొరల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి మూలకాలు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల కాంతిని మింగేస్తాయి. వర్ణపటంలో అక్కడ నల్లటి గీతలు పడతాయి. నక్షత్రాలు మన వైపు వస్తుంటే ఆ గీతలు నీలం వైపు, దూరం జరుగుతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. గెలాక్సీలో ఒక చిన్న భాగం నుంచి వచ్చే కాంతిలో లక్షల నక్షత్రాల గీతలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి అక్కడ రెండు సంగతులు తెలుస్తాయి. గీత మొత్తంగా ఎంత జరిగిందన్నది ఆ భాగంలోని నక్షత్రాల సగటు వేగం. గీత ఎంత వెడల్పయిందన్నది వేగాల్లోని చెదురు, అంటే ఆ నక్షత్రాల వేగాలు సగటుకు అటూ ఇటూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయన్న కొలత. ఖగోళ శాస్త్రవేత్తలు దీన్ని సిగ్మా అంటారు.

1970ల మధ్య వరకూ దీర్ఘవృత్తాకార గెలాక్సీల గురించి ఒక సులువైన నమ్మకం ఉండేది. అవి కోడిగుడ్డులా కాస్త నొక్కుకుపోయి కనిపిస్తాయి కాబట్టి, తిరగడం వల్లే అలా అయ్యాయనుకునేవారు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోవడానికి కారణం కూడా భ్రమణమే కదా. 1975లో బెర్టోలా, కాపాచియోలి అనే ఇటలీ శాస్త్రవేత్తలు ఎన్‌జీసీ 4697ను కొలిచి చూస్తే, ఆ ఆకారానికి తగ్గంత భ్రమణం కనిపించలేదు. 1977లో గార్త్ ఇల్లింగ్‌వర్త్ 13 దీర్ఘవృత్తాకార గెలాక్సీల మీద ప్రచురించిన పత్రం శీర్షికలోనే భ్రమణం అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ఒక్క గుర్తు చాలు, అప్పట్లో ఆ ఫలితం ఎంత ఊహించనిదో అర్థం కావడానికి. ఆ మరుసటి ఏడాది జేమ్స్ బిన్నీ దీనికి వివరణ ఇచ్చారు: నక్షత్రాల చిందరవందర చలనం అన్ని దిక్కులా సమానంగా లేకపోతే, గెలాక్సీ తిరగకపోయినా నొక్కుకుపోయి ఉండగలదు. 1983లో రోజర్ డేవీస్ బృందం ఇంకో మెలిక తెచ్చింది. కాంతి తక్కువున్న చిన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీలు బాగానే తిరుగుతున్నాయి, తిరగనివి పెద్దవి. ద్రవ్యరాశి ఈ కథలోకి వచ్చింది అప్పుడే.

అప్పటి కొలతలకు ఒక పరిమితి ఉంది. సన్నటి చీలిక గుండా వచ్చే కాంతిని మాత్రమే వర్ణపటంగా విడదీసేవారు కాబట్టి, గెలాక్సీ మీద ఒక గీత గీసినంత మేరకే వేగాలు తెలిసేవి. మిగతా భాగంలో ఏం జరుగుతోందో ఊహించుకోవాల్సిందే. గెలాక్సీ ముఖమంతటా ఏకకాలంలో వర్ణపటాలు తీయగల పరికరాలు వచ్చాక ఆ లోటు తీరింది. కానరీ దీవుల్లోని లా పాల్మాలో 4.2 మీటర్ల విలియం హెర్షెల్ టెలిస్కోపుకు అమర్చిన సారాన్ పరికరం వాటిలో ముఖ్యమైనది. దానితో పరిశీలించిన 48 గెలాక్సీల ఆధారంగా 2007లో ఎరిక్ ఎంసెలెం బృందం లాంబ్డా అనే కొలతను ప్రవేశపెట్టింది. ఇప్పుడు గెలాక్సీ తిరుగుడు అంటే అందరూ మొదట చూసేది ఆ అంకెనే.

లాంబ్డా వెనకున్న లెక్క కష్టమైనదేం కాదు. గెలాక్సీని చిన్న చిన్న గళ్లుగా విడదీస్తారు. ఒక్కో గడిలో సగటు వేగాన్ని ఆ గడి కేంద్రం నుంచి ఉన్న దూరంతో హెచ్చించి, కాంతిని బట్టి విలువ కట్టి, అన్నీ కూడతారు. ఇదే లెక్కను సగటు వేగం వర్గం, సిగ్మా వర్గం కూడి తీసిన వర్గమూలంతో మళ్లీ చేస్తారు. మొదటి మొత్తాన్ని రెండోదానితో భాగిస్తే లాంబ్డా వస్తుంది. ఒక గడిలో సగటు వేగం 200, సిగ్మా 60 అనుకుంటే ఆ గడి వరకూ నిష్పత్తి 0.96. వేగం 20, సిగ్మా 300 అయితే 0.07 మాత్రమే. గెలాక్సీ మొత్తానికి ఆ పెద్ద అంకె ఎప్పుడూ రాదు. కేంద్రం దగ్గరా, చిన్న అక్షం (దీర్ఘవృత్తంలో పొట్టి వైపున్న గీత) పొడుగునా మన చూపు దిశలో వేగం సున్నాకు దగ్గరగా ఉండి సగటును కిందికి లాగుతుంది. చక్కగా తిరిగే సర్పిలాకార గెలాక్సీల్లో లాంబ్డా సాధారణంగా 0.5కి పైన ఉంటుంది. ఎం87 లాంటివాటిలో 0.1కి అటూ ఇటూ.

2011లో అట్లాస్ 3డీ సర్వే ఇదే కొలతను మన చుట్టూ దాదాపు 14 కోట్ల కాంతి సంవత్సరాల లోపున్న 260 గెలాక్సీలకు వర్తింపజేసింది. ఇవన్నీ దీర్ఘవృత్తాకార, లెంటిక్యులర్ (బిళ్ల ఉన్నా సర్పిల భుజాలు లేని) రకాలే. వాటిలో 86 శాతం వేగంగా తిరిగేవి, 14 శాతమే నెమ్మదివి. ఫొటోలో దీర్ఘవృత్తాకారమని పేరు పడ్డవాటిలో సైతం మూడింట రెండు వంతులు లోపల బిళ్లలా తిరుగుతున్నాయని తేలింది. గెలాక్సీలను ఫొటో చూసి వర్గీకరించే వందేళ్ల అలవాటుకు ఇది పెద్ద దెబ్బే.

లాంబ్డా తక్కువగా ఉందంటే లోపలంతా చిందరవందరే అని తీర్మానించడం కూడా తప్పే. విర్గో గుంపులోనే ఉన్న ఎన్‌జీసీ 4550 ఇందుకు సాక్ష్యం. ఫొటోలో అది మామూలు లెంటిక్యులర్ గెలాక్సీ, పక్క నుంచి కనిపించే పలచటి బిళ్ల. కంటికి కనిపించని కృష్ణ పదార్థం గురించిన పరిశోధనతో పేరు పొందిన వెరా రూబిన్, ఆమె సహచరులు దాని వర్ణపటాన్ని శ్రద్ధగా చూస్తే ఒక్కో గీత రెండుగా చీలి కనిపించింది. ఒకే చోట సగం నక్షత్రాలు మన వైపు వస్తున్నాయి, సగం దూరం పోతున్నాయి. అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిపోయిన రెండు బిళ్లలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతున్నాయి. 1992లో వారు దీన్ని ప్రచురించారు. తర్వాతి పరిశీలనల్లో రెండో బిళ్ల వయసులో చిన్నదనీ, గెలాక్సీలోని వాయువు దానితోపాటే తిరుగుతోందనీ తెలిసింది. బయటి నుంచి ఎదురు దిక్కులో వచ్చి చేరిన వాయువులోంచి ఆ నక్షత్రాలు పుట్టాయన్నది దీనికి అతికే వివరణ. రెండు బిళ్లలూ ఎంతో క్రమంగా తిరుగుతున్నా, సగటు వేగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో లాంబ్డా మాత్రం పడిపోతుంది. ఒక్క అంకెతో గెలాక్సీ చరిత్ర చదవాలనుకునే ఎవరైనా ఈ గెలాక్సీని గుర్తుపెట్టుకోవాలి.

ద్రవ్యరాశా, చుట్టుపక్కలా

గెలాక్సీ స్వభావానికీ దాని ఇరుగుపొరుగుకూ సంబంధం ఉందన్నది పాత సంగతే. 1980లో అలన్ డ్రెస్లర్ 55 గుంపుల్లో సుమారు 6,000 గెలాక్సీలను పరిశీలించి, సాంద్రత పెరిగేకొద్దీ సర్పిలాకారాలు తగ్గుతాయని, దీర్ఘవృత్తాకార, లెంటిక్యులర్ గెలాక్సీలు పెరుగుతాయని చూపించారు. అట్లాస్ 3డీ బృందం ఆకారం బదులు భ్రమణాన్ని పెట్టి ఇదే పటం గీసింది. విర్గో గుంపులో నెమ్మదిగా తిరిగేవి చాలావరకు నడిబొడ్డున పోగుపడి ఉన్నాయి. దాన్ని చూస్తే ఇరుకైన చోట గెలాక్సీలు ఒకదాని పక్కగా ఒకటి దూసుకుపోతూ, గుద్దుకుంటూ కక్ష్యలను చెడగొట్టుకుంటున్నాయని అనిపించడం సహజం.

కానీ గుంపు నడిబొడ్డున ఉండే గెలాక్సీలే అన్నింటికన్నా బరువైనవి కూడా. నెమ్మది తిరుగుడుకు కారణం ఆ చోటా, ఆ బరువా? విడదీయాలంటే ఒకే ద్రవ్యరాశి ఉండి వేరు వేరు పరిసరాల్లో ఉన్న గెలాక్సీలను పోల్చాలి, దానికి వేల గెలాక్సీలు కావాలి. 2017 ప్రాంతంలో మూడు వేర్వేరు సర్వేలు ఈ పని చేశాయి: న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ నుంచి సాగిన మాంగా, అతి బరువైన గెలాక్సీల మీదే దృష్టి పెట్టిన మాసివ్, ఆస్ట్రేలియాలోని సామీ. మూడింటి సారం దాదాపు ఒకటే: ద్రవ్యరాశిని సమానం చేస్తే చుట్టుపక్కల సాంద్రత ప్రభావం మాయమైపోతుంది. ఆ తర్వాత మరింత పెద్ద నమూనాతో చేసిన లెక్కల్లో పరిసరాల ప్రభావం కాస్త మిగిలినట్టు కనిపించింది. కొన్నేళ్లపాటు చర్చ ఇలా రెండు కొసల మధ్యే ఊగింది. ఈ వాదన నడిచిన తీరులోనే లోపం ఉందని చెప్పాలి. ద్రవ్యరాశి, పరిసరాలు అనే రెండింటినే బరిలో నిలబెట్టి, గెలుపు ఎవరిదని అడిగారు. ఆ రెండింటితోనూ ముడిపడిన మూడోది లెక్కలోకి రానంతకాలం ఆ పోటీకి అర్థం లేదు.

సామీ చెప్పింది

సామీ పరికరం న్యూ సౌత్ వేల్స్‌లోని సైడింగ్ స్ప్రింగ్ దగ్గర 3.9 మీటర్ల ఆంగ్లో ఆస్ట్రేలియన్ టెలిస్కోపు మీద పనిచేసింది. ఒక్కోదానిలో 61 గాజు ఫైబర్లు ఉండే కట్టలు 13. ఆకాశంలో గెలాక్సీలు ఎక్కడెక్కడ ఉన్నాయో దాన్ని బట్టి లోహపు పలకకు రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల్లో కట్టలను చేత్తో గుచ్చేవారు. ఒక డిగ్రీ వెడల్పున్న ఆకాశంలో 12 గెలాక్సీలు, పోల్చి చూసుకోవడానికి ఒక నక్షత్రం ఒకేసారి పరిశీలనకు వచ్చేవి. 2013 నుంచి 2018 దాకా ఇలా సుమారు 3,000 గెలాక్సీల పటాలు తీశారు. వాటిలో ఒంటరిగా ఉన్నవీ, చిన్న బృందాల్లో ఉన్నవీ, 8 పెద్ద గుంపుల్లో ఉన్నవీ అన్నీ ఉన్నాయి. పరిసరాల ప్రభావాన్ని తేల్చడానికి ఇంతకన్నా పనికొచ్చే నమూనా అప్పటికి లేదు.

2024లో స్కాట్ క్రూమ్ నాయకత్వంలో వచ్చిన విశ్లేషణ ఈ నమూనాకు వయసును కూడా చేర్చింది. అందులో వాడిన పద్ధతిని సులువుగా చెప్పొచ్చు. ద్రవ్యరాశి, స్థానిక సాంద్రత, గెలాక్సీ చుట్టూ ఉన్న కృష్ణ పదార్థపు గోళం బరువు, నక్షత్రాల వయసు, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలగలిసి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని స్థిరంగా పట్టుకుని, మిగతావాటికీ లాంబ్డాకూ ఇంకా సంబంధం మిగిలిందా అని చూస్తారు. ద్రవ్యరాశిని స్థిరంగా పట్టుకున్నా, పరిసరాలను స్థిరంగా పట్టుకున్నా, వయసుకూ లాంబ్డాకూ సంబంధం గట్టిగా నిలిచింది. వయసును స్థిరంగా పట్టుకున్నప్పుడు మాత్రం, నమూనా మొత్తంలో ద్రవ్యరాశితో గానీ పరిసరాలతో గానీ చెప్పుకోదగ్గ సంబంధమేమీ మిగలలేదు. వయసు బదులు ప్రస్తుతం నక్షత్రాలు పుడుతున్న రేటును పెట్టినా ఫలితం ఇదే.

ఇక్కడ వయసు అంటే గెలాక్సీ ఎప్పుడు మొదలైందన్నది కాదు, అందులోని నక్షత్రాల సగటు వయసు. దీన్ని రెండు రకాలుగా లెక్కించొచ్చు. నక్షత్రాల ద్రవ్యరాశిని బట్టి సగటు తీయొచ్చు, లేదా వాటి కాంతిని బట్టి తీయొచ్చు. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు విపరీతంగా వెలుగుతాయి కాబట్టి, రెండో పద్ధతిలో ఇటీవల పుట్టిన కొద్దిపాటి నక్షత్రాలే గెలాక్సీని కుర్రదిగా చూపిస్తాయి. సామీ లెక్కల్లో లాంబ్డాతో ఎక్కువ గట్టిగా ముడిపడింది ఈ కాంతి సగటు వయసే. అంటే గెలాక్సీలో నక్షత్రాలు మొత్తం మీద ఎప్పుడు పుట్టాయన్నదానికన్నా, ఇటీవలి దాకా పుడుతూ ఉన్నాయా లేదా అన్నది తిరుగుడుకు ఎక్కువ దగ్గర. దీన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. లాంబ్డా కూడా కాంతిని బట్టి విలువ కట్టిన కొలతే. పలచటి బిళ్లలో కొత్త నక్షత్రాలు వెలుగుతున్నంతకాలం కొలతలో వాటి మాటే గట్టిగా వినిపిస్తుంది. అవి ఆరిపోయాక వెనక ఉన్న పాత, చిందరవందర నక్షత్రాలు బయటపడతాయి. ఎవరి కక్ష్యా మారకుండానే లాంబ్డా కొంత తగ్గిపోతుందన్నమాట.

పరిసరాలు చేసే పని

మరి డ్రెస్లర్ చూసిందంతా ఏమైనట్టు? పరిసరాల ప్రభావం అబద్ధం కాదు, అది వేరే దారిలో వస్తోంది. ఆ దారిని కళ్లకు కట్టే గెలాక్సీ జేఓ201. ఇది ఏబెల్ 85 అనే గుంపులోకి సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పడిపోతోంది. గుంపులో గెలాక్సీల మధ్య జాగా ఖాళీగా ఉండదు, కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. అంత వేగంతో దూసుకెళ్లే గెలాక్సీకి ఆ వాయువు ఎదురుగాలిలా తగిలి, దానిలోని చల్లటి వాయువును వెనక్కి ఊడ్చేస్తుంది. 1972లో గన్, గాట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి ఊహించింది ఇదే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు జేఓ201ను చూసి, వెనక్కి లాగబడిన వాయువు తోకల్లో కొత్త నక్షత్రాలు పుడుతున్న ముద్దలను చూపించింది. చిలీలోని భారీ టెలిస్కోపుతో తీసిన వేగాల పటాలు ఈ కథకు రెండో సగం. వాయువు చెల్లాచెదురైనా, గెలాక్సీలో ముందు నుంచీ ఉన్న నక్షత్రాల బిళ్ల మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది. నక్షత్రాలు ఎంతో చిన్నవి, ఎంతో బరువైనవి. వేడి వాయువు వాటిని కదపలేదు.

ఇరుకైన చోటుకు వచ్చిన గెలాక్సీకి మొదట జరిగేది ఇదే: నక్షత్రాలకు ముడిసరుకు ఆగిపోతుంది. భ్రమణం వెంటనే చెడదు. కొత్త నక్షత్రాలు పుట్టవు, ఉన్నవి ముసలివవుతాయి, పలచటి బిళ్ల వెలుగు తగ్గుతుంది, లాంబ్డా మెల్లగా దిగుతుంది. గుంపుల్లో లెంటిక్యులర్ గెలాక్సీలు అంత ఎక్కువగా ఉండటం, వాటిలో చాలావరకు ఇంకా బాగా తిరుగుతుండటం ఈ చిత్రానికి సరిగ్గా సరిపోతాయి. గెలాక్సీలు పక్కపక్కన దూసుకుపోవడం వల్లే కక్ష్యలు చెదిరేటట్టయితే, ఒకే వయసున్నవాటిలో గుంపులో ఉన్నవి ఎక్కువ చెదిరి కనిపించాలి. సామీ కొలిచిన లోపలి భాగం వరకూ అలాంటి తేడా లేదు. ఈ ఫలితంలో అన్నింటికన్నా విలువైన మాట ఇదే అనిపిస్తుంది.

వయసుకూ తిరుగుడుకూ ఈ సంబంధం ఎందుకన్నది మిగిలిన చిక్కు. రెండు మార్గాలున్నాయి. మొదటిది, పుట్టుకలోనే తేడా. 1,000 కోట్ల ఏళ్ల కిందట గెలాక్సీల్లో వాయువు ఇప్పటికన్నా చాలా ఎక్కువ, అల్లకల్లోలమూ ఎక్కువ. అలాంటి మందపాటి బిళ్లలో పుట్టిన నక్షత్రాలు మొదటి నుంచే చిందరవందర కక్ష్యల్లో ఉంటాయి. ముందే నక్షత్రాల పుట్టుక ఆగిపోయిన గెలాక్సీకి తర్వాతి పలచటి బిళ్ల కట్టుకునే అవకాశమే రాదు. రెండోది, పుట్టాక కాలక్రమంలో చెదరడం. ఇది మన పాలపుంతలోనే కనిపిస్తుంది: సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాల్లో వయసు పెరిగేకొద్దీ వేగాల్లోని చెదురు పెరుగుతుంది. పెద్ద పెద్ద వాయు మేఘాల గురుత్వాకర్షణ తాకిడికి నక్షత్రాల కక్ష్యలు మెల్లమెల్లగా చెదురుతాయని లైమన్ స్పిట్జర్, మార్టిన్ ష్వార్జ్‌షిల్డ్ 1951లోనే వివరించారు. సర్పిల భుజాలు, మధ్యలోని పట్టీ కూడా ఇందులో చేయి కలుపుతాయి.

దూరపు గెలాక్సీలు మొదటి వాదనను పూర్తిగా ఒప్పుకోనివ్వడం లేదు. 2017లో సునే టోఫ్ట్ బృందం ఎంఏసీఎస్2129-1 అనే గెలాక్సీని వివరించింది. విశ్వం వయసు ఇంకా 300 కోట్ల సంవత్సరాలున్నప్పటి గెలాక్సీ అది. ముందున్న ఒక గెలాక్సీల గుంపు భూతద్దంలా పనిచేసి దాన్ని పెద్దది చేసి చూపించడంతో లోపలి వేగాలు కొలవడం సాధ్యమైంది. అందులో నక్షత్రాల పుట్టుక అప్పటికే ఆగిపోయింది, అయినా అది సెకనుకు 500 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరిగే పలచటి బిళ్ల. 2018లో రేచల్ బెజాన్సన్ బృందం దాదాపు 700 కోట్ల ఏళ్ల కిందటి, నక్షత్రాల పుట్టుక ఆగిన గెలాక్సీలు ఇప్పుడు మన దగ్గరున్న అలాంటివాటికన్నా ఎక్కువగా తిరిగేవని చూపించింది. పుట్టుక ఆగిన తర్వాత కూడా ఏదో ఒకటి వాటి తిరుగుడును తగ్గించి ఉండాలి. ఒక్క జన్మలక్షణంతో ఈ కథ ముగియదు.

గుంపు పెద్దల సంగతి వేరు

ఆ ఏదో ఒకటి ఏమిటన్నది బరువైన గెలాక్సీల్లో స్పష్టంగా కనిపిస్తుంది. సూర్యుడికన్నా 10,000 కోట్ల రెట్లు మించిన నక్షత్ర ద్రవ్యరాశి ఉన్న గెలాక్సీల్లో, వయసును సమానం చేసినా ఒక తేడా మిగిలిందని సామీ విశ్లేషణే చెబుతోంది. గుంపు కేంద్రంలో కూర్చున్న గెలాక్సీ, అదే ద్రవ్యరాశితో గుంపులో అనుచరుడిగా తిరుగుతున్న గెలాక్సీ కన్నా తక్కువగా తిరుగుతుంది. ఇందుకు అతికే కారణం విలీనాలు. గుంపులో ఇటూ అటూ దూసుకుపోయే గెలాక్సీలు వేల కిలోమీటర్ల వేగంతో ఒకదాన్నొకటి దాటిపోతాయే తప్ప కలవవు. చివరికి మెల్లగా జారి కలిసేది కేంద్రంలో ఉన్నదానితోనే.

గెలాక్సీలు గుద్దుకుంటే ఏం జరుగుతుందన్న ప్రశ్నకు హైదరాబాద్‌తో నిజమైన అనుబంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సాలెహ్ మొహమ్మద్ అల్లాదీన్ 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో గెలాక్సీల తాకిడి గతిశాస్త్రం మీద పత్రం ప్రచురించారు. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూసుకెళ్లినప్పుడు వాటి కదలికలోని శక్తి ఎంత మేరకు లోపలి నక్షత్రాల చలనంలోకి మారుతుందన్నది అందులో లెక్క. వేగంగా దాటిపోతే మార్పు తక్కువ, నెమ్మదిగా దగ్గరైతే మార్పు ఎక్కువ. కంప్యూటర్లలో లక్షల కణాలతో గెలాక్సీలను ఢీకొట్టించే రోజులు రాకముందే, కాగితం మీద చేసిన పని ఇది. ఉస్మానియాలో ఈ అంశం మీద ఆ తర్వాత దశాబ్దాలపాటు పరిశోధన సాగింది.

విలీనమంటే ఎప్పుడూ తిరుగుడు తగ్గడమే అనుకోకూడదు. వాయువు పుష్కలంగా ఉన్న రెండు గెలాక్సీలు కలిస్తే ఆ వాయువు మళ్లీ బిళ్లగా సర్దుకుని కొత్త నక్షత్రాలను కంటుంది, తిరుగుడు పెరగనూ వచ్చు. వాయువు లేని ముసలి గెలాక్సీలు కలిసినప్పుడే కక్ష్యలు కలగాపులగమై అలాగే ఉండిపోతాయి. చక్కదిద్దే కొత్త బిళ్ల పుట్టదు. ఎం87 లాంటి గెలాక్సీ ఇలాంటి విలీనాలు ఒకటి కాదు, ఎన్నో చూసి ఉంటుందని దాని బయటి అంచుల్లోని నక్షత్రాలూ, వేల సంఖ్యలో ఉన్న గోళాకార తారాగుచ్ఛాలూ చెబుతున్నాయి. ఈగల్ వంటి కంప్యూటర్ నమూనాల్లో నెమ్మది గెలాక్సీలు పలు దారుల్లో తయారవుతాయి, పెద్ద విలీనం లేకుండా తయారైనవీ కొన్ని కనిపిస్తాయి. అందుకే నెమ్మది గెలాక్సీలన్నింటినీ ఒకే గాటన కట్టడం తొందరపాటు.

కొలతల హద్దులు

గెలాక్సీని సరిగ్గా ఎదురుగా, పళ్లెంలా చూస్తే అది ఎంత వేగంగా తిరిగినా మన వైపు రావడమూ పోవడమూ ఉండదు, లాంబ్డా తక్కువే వస్తుంది. ఎంత వాలి ఉందో ఆకారాన్ని బట్టి అంచనా కట్టి సవరించాలి. భూవాతావరణం గెలాక్సీ చిత్రాన్ని మసకబార్చినప్పుడు పక్కపక్క గళ్ల వేగాలు కలిసిపోయి, భ్రమణంలో కొంత భాగం చెదురులా కనిపిస్తుంది. సామీ లాంటి సర్వేలు దీన్నీ సవరిస్తాయి. ఇంకా పెద్ద హద్దు వేరే ఉంది. ఈ కొలతలన్నీ గెలాక్సీ కాంతిలో సగం ఇమిడే వ్యాసార్ధం లోపలివే. విలీనాలు, పక్క గెలాక్సీల లాగుళ్లు మొదట గుర్తు వేసేది బయటి అంచుల్లో. పరిసరాలు కక్ష్యలను కదపవన్న మాట లోపలి భాగానికే చెల్లుతుంది.

కార్యకారణాల దిశ కూడా ఇంకా తెరిచే ఉంది. వయసు తిరుగుడును తగ్గిస్తోందని ఇప్పటిదాకా చెప్పుకున్నాం. తిరగేసి కూడా అడగొచ్చు. ఎక్కువ కోణీయ ద్రవ్యవేగంతో, అంటే ఎక్కువ తిరిగే ఊపుతో వచ్చే వాయువు కేంద్రానికి దూరంగా, పలచగా పరుచుకుంటుంది. పలచటి వాయువు నెమ్మదిగా నక్షత్రాలుగా మారుతుంది, ఎక్కువకాలం సరిపోతుంది. అలాంటప్పుడు బాగా తిరగడమే ఆ గెలాక్సీ కుర్రదిగా ఉండటానికి కారణమవుతుంది. పరస్పర సంబంధాల లెక్క ఒక్కటే ఈ రెండింటిలో ఏది నిజమో విడదీయలేదు.

అందుకు కావలసిన కొలతలు మొదలయ్యాయి. సామీ స్థానంలో అదే టెలిస్కోపుకు వచ్చిన హెక్టర్ పరికరం పెద్ద ఫైబర్ కట్టలతో 15,000 గెలాక్సీలను లక్ష్యంగా పెట్టుకుంది, చాలావాటిలో సామీ ఆగిన వ్యాసార్ధానికి రెట్టింపు దూరం దాకా చూస్తుంది. చిలీలో మ్యాగ్‌పీ సర్వే 300 నుంచి 400 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల లోపలి వేగాలను ఇదే పద్ధతిలో కొలుస్తోంది. నక్షత్రాలు పుట్టుకలోనే చిందరవందరగా ఉన్నాయన్నది నిజమైతే, ఒకే కాలంలో పుట్టిన నక్షత్రాలున్న గెలాక్సీలు అప్పుడూ ఇప్పుడూ దాదాపు ఒకే లాంబ్డా చూపించాలి. తర్వాత చెదిరాయన్నది నిజమైతే, అప్పటివి ఇప్పటివాటికన్నా కచ్చితంగా ఎక్కువ తిరుగుతూ కనిపించాలి.